సొరుగులో ఫోన్ మళ్లీ వెలగాలంటే...

రెండు మూడేళ్లు సొరుగులో పడి ఉన్న స్మార్ట్‌ఫోన్‌ని బయటికి తీసి చార్జర్ పెడతారు. అరగంటైనా తెర నల్లగానే ఉంటుంది. ఇక దీని పని అయిపోయిందనుకుని మళ్లీ సొరుగులోకి తోసేస్తారు. నిజానికి చాలాసార్లు అయిపోయింది ఫోన్ పని కాదు, లోపలున్న బ్యాటరీ పని. ఆ బ్యాటరీ కూడా పూర్తిగా చచ్చిపోయి ఉండకపోవచ్చు. అడుగంటిన చార్జి ఇంకా పడిపోకుండా దాని రక్షణ సర్క్యూటు కనెక్షన్ తెంపేసి ఉండొచ్చు. మదర్‌బోర్డు, మెమరీ చిప్, తెర లాంటివి వాడకుండా ఉంచినంత మాత్రాన అంత తేలిగ్గా చెడిపోవు. అందుకే ఏళ్లనాటి ఫోన్‌ని వెలిగించడమంటే ముందుగా దాని బ్యాటరీకి ఏమైందో తెలుసుకోవడం. ఆ పనిలో తొందరపాటు చేసే నష్టం ఇంకేదీ చేయదు.

హైదరాబాద్‌లో ఇలాంటి ఫోన్లకు అమీర్‌పేట, పంజాగుట్ట ఒక మజిలీ. అందుకు ఆ ప్రాంతం తీరే కారణం. 1990ల చివరి నుంచి మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టూ పెరిగిన కంప్యూటర్ కోచింగ్ సెంటర్ల కోసం తెలుగు జిల్లాలన్నిటి నుంచీ కుర్రకారు వచ్చి ఇక్కడి హాస్టళ్లలో దిగుతూనే ఉంది. ఉద్యోగం రాగానే కొత్త ఫోన్ కొంటారు, పాతది సూట్‌కేసు అడుగుకు చేరుతుంది. 2016 సెప్టెంబరు 5న జియో సేవలు మొదలయ్యాక జనం ఎగబడి కొన్న తొలితరం 4జీ ఫోన్లు, 2020, 2021ల్లో పిల్లల ఆన్‌లైన్ క్లాసుల కోసం అప్పోసప్పో చేసి కొన్నవి, అమెరికా వెళ్తూ పిల్లలు ఇంట్లో వదిలేసినవి... ఇప్పుడు బీరువాల్లో ఉన్నవి ఎక్కువగా ఇవే. వాటిని మళ్లీ బయటికి తీసేది ఫోన్ మీద మోజుతో కాదు. కాలం చేసిన తండ్రి ఫొటోలు అందులోనే ఉంటాయి. అమ్మమ్మ పంపిన వాయిస్ మెసేజ్ ఉంటుంది. ఎప్పుడో స్కాన్ చేసిన సర్టిఫికెట్ ఉంటుంది. కౌంటర్ ముందు నిలబడినవాళ్లకు ఫోన్ కంటే లోపలున్నదే విలువైనది. రిపేరు ఏ వరుసలో సాగాలో నిర్ణయించాల్సింది కూడా ఆ విలువే.

ఆఫ్ చేసినా ఆగని ఖర్చు

స్మార్ట్‌ఫోన్లలో ఉండేది లిథియం అయాన్ సెల్. 1991లో సోనీ సంస్థ దీన్ని తొలిసారి మార్కెట్లోకి తెచ్చింది. ఈ సెల్‌కి పునాది వేసిన జాన్ గుడెనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినోలకు 2019లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది. నిండుగా చార్జయిన సెల్ దగ్గర 4.2 నుంచి 4.4 వోల్టుల దాకా ఉంటుంది. వాడుతున్నకొద్దీ అది తగ్గుతూ 3.3, 3.4 వోల్టుల దగ్గరికి రాగానే తెర మీద సున్నా శాతం చూపించి ఫోన్ ఆగిపోతుంది. ఆ సున్నా ఫోన్ లెక్కలో సున్నా. సెల్‌లో అప్పటికి ఇంకా కాస్త మిగిలే ఉంటుంది.

ఆ కాస్తా సొరుగులో నెమ్మదిగా కరిగిపోతుంది. ఏ పనీ లేకపోయినా సెల్ తనంతట తాను నెలకు ఒకటి రెండు శాతం కోల్పోతుంది. ఆపైన, ఆఫ్ చేసిన ఫోన్‌లోనూ గడియారం నడుస్తుంది, పవర్ బటన్‌ను ఎవరు నొక్కుతారా అని పవర్ ఐసీ అనే చిప్ కాచుకుని ఉంటుంది. వీటికి పోయే కరెంటు చూడ్డానికి ఏమీ కాదు. మొత్తం కలిపి 50 మైక్రోఆంపియర్లే అనుకున్నా ఏడాదిలోని 8,760 గంటలకు లెక్కేస్తే 438 మిల్లీఆంపియర్ అవర్లు అవుతుంది. 3,000 సామర్థ్యమున్న బ్యాటరీలో అది దాదాపు 15 శాతం. అంటే పది, పదిహేను శాతం చార్జితో దాచిన ఫోన్ ఏడాది తిరక్కుండానే అడుగంటిపోతుంది. సగం చార్జితో దాచిందైతే రెండేళ్లయినా తట్టుకునే అవకాశం ఉంటుంది. ఒకే ఇంట్లో, ఒకే సొరుగులో ఉన్న రెండు ఫోన్లలో ఒకటి వెలిగి మరొకటి వెలగకపోవడానికి చాలావరకు కారణం ఇదే.

సెల్ 2.4, 2.5 వోల్టుల ప్రాంతానికి పడిపోగానే బ్యాటరీ ప్యాక్‌లోనే అంటించి ఉండే చిన్న రక్షణ సర్క్యూటు కనెక్షన్ తెంపేస్తుంది. అప్పుడు బ్యాటరీ బయటి కొనలకు మల్టీమీటర్ పెడితే సున్నా వోల్టులే చూపిస్తుంది. చూసినవాళ్లు బ్యాటరీ పోయిందంటారు గానీ లోపల సెల్ బతికే ఉంటుంది. ఫోన్ తాగే కరెంటు ఆగింది కాబట్టి ఇక పడిపోవడం కూడా చాలా నెమ్మదిస్తుంది. ఆ రక్షణ ఉన్నా ఏళ్లు గడిచేకొద్దీ సెల్ 2 వోల్టులు, ఒకటిన్నర వోల్టులు దాటి కిందికి జారితే మాత్రం అసలు నష్టం మొదలవుతుంది. లోపలి రుణధ్రువానికి ఆధారంగా ఉండే పల్చటి రాగి రేకు ఎలక్ట్రొలైట్‌లో కరగడం మొదలుపెడుతుంది. మళ్లీ చార్జి పెట్టినప్పుడు కరిగిన ఆ రాగి ఎక్కడబడితే అక్కడ పేరుకుంటుంది. అలా పేరుకున్న రాగి రెండు ధ్రువాలనూ కలిపిందంటే సెల్ లోపలే షార్ట్. అది వెంటనే బయటపడవచ్చు, పది రోజుల తర్వాత దిండు పక్కన చార్జింగ్‌లో ఉన్నప్పుడు బయటపడవచ్చు.

వీటన్నిటినీ త్వరపెట్టేది వేడి. మే నెలలో బేగంపేటలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే రోజులు హైదరాబాద్‌కు కొత్త కాదు. పై అంతస్తు గదిలో, రేకుల షెడ్డులో, అటక మీద ఆ వేడి ఇంకా ఎక్కువ. ఫోన్‌ను నెలలతరబడి దాచేటప్పుడు 32 డిగ్రీలకు మించని చోట ఉంచమని యాపిల్ తన వినియోగదారులకు చెబుతుంది. మన ఎండాకాలంలో ఏసీ లేని ఇంట్లో అది కుదిరే పని కాదు. కాబట్టి ఇక్కడ దాచిన ఫోన్ బ్యాటరీ చల్లటి దేశాల్లో దాచిన దానికంటే ముందే ముసలిదవుతుందని లెక్కలోకి తీసుకోవాల్సిందే.

ముందు వీపు చూడాలి

చార్జర్ వెతకడానికి ముందు ఫోన్‌ను బల్ల మీద వెల్లకిలా, బోర్లా పెట్టి చూడాలి. చదునుగా కూర్చోకుండా బొంగరంలా తిరుగుతున్నా, వెనక మూత ఒక అంచున లేచినా, తెర ఫ్రేమ్ నుంచి విడిపోయి సన్నటి చీలిక కనిపించినా బ్యాటరీ ఉబ్బినట్టే. పాతబడిన సెల్‌లో ఎలక్ట్రొలైట్ విచ్ఛిన్నమై కార్బన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, మండే గుణమున్న మీథేన్, ఇథిలీన్ లాంటి వాయువులు పుడతాయి. అల్యూమినియం పొర సంచిలో అవి బందీలై దాన్ని ఉబ్బిస్తాయి. అలాంటి ఫోన్‌కు చార్జర్ పెట్టనే కూడదు. ఉబ్బును చేత్తో అదమకూడదు, సూదితో గాలి తీయాలని చూడకూడదు. గాలి పోతుంది గానీ లోపలి రెండు ధ్రువాల పొరలు ఒకదానికొకటి తగిలితే నిప్పు పుడుతుంది. రిపేరుకు తీసుకెళ్లేటప్పుడు ఎండలో నిలిపిన బండి డిక్కీలో వదిలేయకుండా, విడిగా ఒక అట్టపెట్టెలో పెట్టి తీసుకెళ్లాలి. షాపులో ముందు ఆ బ్యాటరీని తీయించాక మిగతా మాట.

బ్యాటరీల విషయంలో పేరున్న కంపెనీ, లేని కంపెనీ అన్న తేడా పూర్తి భరోసా ఇవ్వదు. తెలుగు ఇళ్లలో ఒకప్పుడు ప్రతి చేతిలోనూ ఉన్న నోకియా ఫోన్ల బీఎల్-5సీ బ్యాటరీ సంగతి చూస్తే చాలు. 2005 డిసెంబరు, 2006 నవంబరు మధ్య మత్సుషిత కంపెనీ తయారుచేసిన ఆ రకం బ్యాటరీలు చార్జింగ్‌లో వేడెక్కే ప్రమాదం ఉందని 2007 ఆగస్టులో నోకియా హెచ్చరించింది. మార్చి ఇవ్వాల్సి రావచ్చన్నవి 4 కోట్ల 60 లక్షలు. అవి వేలితో తీసి మార్చుకునే బ్యాటరీలు కాబట్టి జనం తేలిగ్గా మార్చుకోగలిగారు. 2015 తర్వాత వచ్చిన ఫోన్లలో చాలావాటికి బ్యాటరీని జిగురుతో అంటించేశారు. ఇప్పుడు సొరుగుల్లో ఉన్నవాటిలో ఎక్కువ ఆ కోవవే. యూరప్ సమాఖ్య 2023లో చేసిన బ్యాటరీ చట్టం ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ అమ్మే పరికరాల్లో వినియోగదారుడే బ్యాటరీని మార్చుకునే వీలుండాలి. భారత్‌లో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ తెచ్చింది. కంపెనీల రిపేరు వివరాలు అందులో దొరుకుతాయి. జిగురు బిగింపును వదులుచేసే చట్టం మాత్రం మన దగ్గర ఇంకా రావాల్సి ఉంది. అది ఎంత త్వరగా వస్తే అంత ఎక్కువ ఫోన్లు చెత్తలో పడకుండా మిగులుతాయి.

చార్జర్ కంటే ఓపిక ముఖ్యం

ఉబ్బు లేదని తేలాక చూడాల్సింది చార్జింగ్ పిన్ గుంట. జేబు నూలు, దుమ్ము అందులో గట్టిగా కూరుకుపోయి కేబుల్ పూర్తిగా కూర్చోదు. టార్చి వేసి చూసి, టూత్‌పిక్‌తో నెమ్మదిగా లాగేయాలి. గుండుసూది, పిన్నీసు వాడితే లోపలి పలుచటి కాళ్లు వంగిపోతాయి. వానాకాలపు చెమ్మకు ఆ కాళ్ల మీద పచ్చటి చిలుము పట్టి ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. షాపుల్లో ఐపీఏ అని అడిగితే ఇస్తారు.

ఫోన్‌తోపాటు ఏళ్లకేళ్లు చుట్టచుట్టి ఉన్న పాత కేబుల్‌ని నమ్మకూడదు. మరో ఫోన్‌ను చార్జ్ చేస్తున్న కేబుల్‌ని తెచ్చి పెట్టాలి. చార్జర్ మాత్రం 5 వోల్టులు, ఒకటి రెండు ఆంపియర్ల మామూలుదైతే చాలు. 65 వాట్లు, 80 వాట్ల ఫాస్ట్ చార్జర్ పెడితే పని త్వరగా అవుతుందన్నది అపోహ. ఎంత కరెంటు తీసుకోవాలో నిర్ణయించేది చార్జర్ కాదు, ఫోన్‌లోని చార్జింగ్ ఐసీ. సెల్ 3 వోల్టులకు దిగువన ఉందని గమనించగానే ఆ ఐసీ మామూలు కరెంటులో పదో వంతుకు దగ్గరగా, సన్నటి ధార మాత్రమే వదులుతుంది. పదిరోజులు లంఖణం చేసినవాడికి విందు భోజనం వడ్డించరు కదా, ముందు జావ తాగిస్తారు. ఇదీ అంతే. సెల్ 3 వోల్టులు దాటాకే అసలు చార్జింగ్ మొదలవుతుంది. ఆ తర్వాత 3.4 వోల్టుల దాకా ఎక్కితే తప్ప తెర మీద బ్యాటరీ బొమ్మ వేయడానికి కూడా ఫోన్‌కు శక్తి చాలదు.

అరగంట సేపు తెర నల్లగా ఉండటం అందుకే. ఆ అరగంటలో మనుషులు చేసేది మాత్రం చేయాల్సినదానికి విరుద్ధం. రెండు నిమిషాలకోసారి కేబుల్ పీకి పెడతారు, పవర్ బటన్ నొక్కుతూ ఉంటారు. నొక్కినప్పుడల్లా ఫోన్ లేవబోయి, కూడబెట్టుకున్న నాలుగు చుక్కల చార్జినీ ఖర్చుపెట్టేసి మళ్లీ పడిపోతుంది. కేబుల్ పెట్టి, బటన్ల జోలికి వెళ్లకుండా కనీసం గంట వదిలేయాలి. మనిషి కళ్లముందే, రాతి గట్టు లాంటి చోట. పరుపు మీద, దిండు కింద పెట్టకూడదు. పడుకునేముందు పెట్టి వదిలేయకూడదు. గంటలో ఫోన్ గోరువెచ్చబడితే మంచి సూచనే. చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే ప్లగ్ పీకేయాలి.

ఇక్కడ ఒక చిన్న పరికరం చాలా సాయం చేస్తుంది. చార్జర్‌కి, కేబుల్‌కి మధ్య గుచ్చే యూఎస్‌బీ మీటర్. ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు వెళ్తున్నాయో అంకెల్లో చూపిస్తుంది. నల్లటి తెర చెప్పని సంగతి అది చెబుతుంది. 0.05, 0.08 ఆంపియర్లు అని చూపిస్తూ ఉంటే సన్నధార ఎక్కుతోందన్నమాట, కదపకుండా ఉండాలి. కాసేపటికి ఆ అంకె ఒక్కసారిగా 0.5కో, 1కో ఎగబాకితే సెల్ గండం గట్టెక్కినట్టే. గంటసేపు 0.00 దగ్గరే నిలబడితే కరెంటు లోపలికే పోవట్లేదు. లోపం పిన్‌లో ఉండొచ్చు, చార్జింగ్ ఐసీలో ఉండొచ్చు, బ్యాటరీ కనెక్టర్‌లో ఉండొచ్చు. సున్నాకీ 0.1కీ మధ్య అదేపనిగా ఊగుతుంటే బ్యాటరీ కరెంటు నిలుపుకోలేకపోతోందని అర్థం.

బ్యాటరీ బొమ్మ వచ్చినంత మాత్రాన వెంటనే ఆన్ చేయకూడదు. పాత సెల్‌కి అంతర్గత నిరోధం పెరిగి ఉంటుంది. ఫోన్ లేచేటప్పుడు ప్రాసెసర్, తెర, రేడియో ఒక్కసారిగా కరెంటు లాగుతాయి. ఆ లాగుడుకు వోల్టేజి కుప్పకూలి లోగో దగ్గరే ఫోన్ ఆరిపోతుంది. ఇరవై శాతం దాటనిచ్చి, కేబుల్ తీయకుండానే ఆన్ చేయడం మంచిది. అప్పటికీ స్పందన లేకపోతే ఫోర్స్ రీస్టార్ట్. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్, వాల్యూమ్ డౌన్ బటన్లను కలిపి పది నుంచి ఇరవై సెకన్లు నొక్కి పట్టుకోవాలి. ఐఫోన్ 6ఎస్, అంతకుముందు మోడళ్లలో హోమ్, పవర్ బటన్లు. ఐఫోన్ 7లో వాల్యూమ్ డౌన్, పవర్. ఐఫోన్ 8 నుంచి వాల్యూమ్ అప్ ఒకసారి నొక్కి వదిలి, వాల్యూమ్ డౌన్ ఒకసారి నొక్కి వదిలి, పక్క బటన్‌ను యాపిల్ గుర్తు వచ్చేదాకా పట్టుకోవాలి.

కొన్నిసార్లు ఫోన్ లేచే ఉంటుంది, తెరే వెలగదు. కంప్యూటర్‌కు తగిలిస్తే ‘టింగ్’మని చప్పుడు రావడం, సైలెంట్ బటన్ జరిపితే వణకడం అందుకు గుర్తులు. ఎల్‌సీడీ తెరలైతే చీకట్లో టార్చిని ఏటవాలుగా కొడితే మసకగా అక్షరాలు కనిపిస్తాయి. అప్పుడు పోయింది బ్యాక్‌లైట్ మాత్రమే. డిస్‌ప్లే మార్పిస్తే సరిపోయే ఫోన్‌ని డెడ్ కింద జమకట్టకూడదు.

ఆంపియర్ల ముల్లు చెప్పే జబ్బు

ఇంట్లో చేయగలిగింది ఇక్కడితో ముగుస్తుంది. ఆపైన కౌంటర్ పనే. అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డుల మధ్య మొబైల్ రిపేరింగ్, చిప్ లెవెల్ శిక్షణ అని రాసినవీ కనిపిస్తాయి. మెట్రో రెడ్ లైన్‌లో దాని పక్క స్టేషన్ పంజాగుట్ట. అటువైపు పెద్ద షోరూములు, కంపెనీ సర్వీస్ సెంటర్ల హడావుడి ఎక్కువ. ఈ రెంటికీ పని తీరులో ఒక తేడా ఉంది. అధీకృత సెంటర్లు సాధారణంగా భాగాన్ని భాగంగానే మారుస్తాయి. బోర్డు పోతే బోర్డే మార్చాలంటాయి. బోర్డు మారితే అందులోని మెమరీ కూడా మారుతుంది, డేటా పోతుంది. పైగా ఏడెనిమిదేళ్లనాటి మోడల్‌కి వాళ్ల దగ్గర విడిభాగాలే ఉండకపోవచ్చు. చిప్ లెవెల్ తెలిసిన మెకానిక్ అదే బోర్డు మీద పాడైన ఐసీ ఒక్కదాన్ని తీసి మరొకటి వేస్తాడు. ఫోన్ కంటే ఫొటోలు ముఖ్యమనుకునేవాళ్లకు ఆ మెకానికే దిక్కు. వారంటీ ఉన్న ఫోన్లకు కంపెనీ సెంటర్ సరే, సొరుగు ఫోన్లకు మాత్రం ఆ వారంటీ ఎప్పుడో తీరిపోయి ఉంటుంది.

డెడ్ అని రాసిన సెట్టు బల్ల మీదికి రాగానే మెకానిక్ చార్జర్ వైపు చూడడు. హీట్ మ్యాట్ మీద పెట్టి వెనక జిగురు మెత్తబడ్డాక మూత లేపుతాడు, బ్యాటరీ కనెక్టర్ విడదీస్తాడు. బ్యాటరీ స్థానంలో డీసీ పవర్ సప్లై నుంచి 4 వోల్టులు బోర్డుకు ఇస్తాడు. ఇక అతని కళ్లు ఆంపియర్ల మీటరు మీదే ఉంటాయి. పవర్ బటన్ నొక్కకముందే ముల్లు లేచిందంటే బోర్డులో ఎక్కడో షార్టింగ్ ఉంది. బటన్ నొక్కినా ముల్లు సున్నా దగ్గరే ఉంటే పవర్ కీ స్ట్రిప్ తెగి ఉండాలి, లేదా పవర్ ఐసీ లేవట్లేదు. కొద్దిగా లేచి అక్కడే గడ్డకట్టినట్టు నిలబడితే అనుమానం ప్రాసెసర్ మీదికో, మెమరీ మీదికో పోతుంది. బటన్ నొక్కగానే ముల్లు లేచి, కిందికీ పైకీ ఆడుతూ కొన్ని వందల మిల్లీఆంపియర్లకు ఎక్కి, తెర మీద లోగో పడిందా, బోర్డు నిక్షేపంగా ఉన్నట్టు. దోషం బ్యాటరీదే. ఈ పరీక్షకు పట్టేది రెండు నిమిషాలు. సొరుగు ఫోన్ తెచ్చినవాళ్లు బ్యాటరీకి డబ్బులిచ్చే ముందు దీన్ని కళ్లారా చూపించమని అడగడంలో తప్పేమీ లేదు.

పడిపోయిన బ్యాటరీని ‘బూస్ట్’ చేసి ఇస్తామనే మాట కొన్ని చోట్ల వినిపిస్తుంది. పవర్ సప్లై తీగలను నేరుగా బ్యాటరీ కొనలకు పెట్టి, రక్షణ సర్క్యూటును బలవంతంగా లేపడమే బూస్ట్. రక్షణ సర్క్యూటు తెంచిన 2.4 వోల్టుల దగ్గరే సెల్ ఆగి ఉంటే, తక్కువ కరెంటుతో, తెలిసినవాడు చేస్తే ఫలితం ఉండొచ్చు. ఒకటిన్నర వోల్టులకు దిగువన వారానికి మించి ఉన్న సెల్‌ని అలా లేపడం మాత్రం చేయరాని పని. లోపల కరిగిన రాగి సంగతి మల్టీమీటర్‌కు తెలియదు. 9 వోల్టుల బ్యాటరీని తీగలతో తగిలించి లేపడం, ఫ్రిజ్‌లో రాత్రంతా పెట్టి తీయడం లాంటి చిట్కాలు ఇంకా ప్రమాదం. మొదటిది సెల్‌ని అదుపు లేని కరెంటుకు అప్పగిస్తుంది, రెండోది లోపల మంచు చెమ్మ పట్టించి బాగున్న బోర్డును కూడా పాడుచేస్తుంది. ఏళ్లు గడిచిన బ్యాటరీని మార్చేయడమే క్షేమం.

మార్చే బ్యాటరీ విషయంలోనూ మెలకువ కావాలి. 2017లో వచ్చిన మోడల్‌కి సీల్ తీయని ‘కొత్త’ బ్యాటరీ దొరికిందంటే అది కూడా 2018లోనో, 2019లోనో తయారై, ఇన్నాళ్లూ ఏదో గోడౌన్‌లో పడి ఉన్నదే కావచ్చు. సొరుగులో ఫోన్‌కి జరిగిందే పెట్టెలో దానికీ జరిగి ఉంటుంది. లేబుల్ మీద తయారీ తేదీ, బీఐఎస్ గుర్తు, దాంతోపాటు ఐఎస్ 16046 అన్న అంకె చూడాలి. ప్యాక్ చేతికి రాగానే వోల్టేజి కొలిపించాలి. 3.6 వోల్టులకు పైన ఉంటే ఊపిరి ఉన్నట్టు. అమీర్‌పేటలో దొరకని మోడల్ బ్యాటరీలు, డిస్‌ప్లేలు వెతకడానికి మెకానిక్‌లు వెళ్లే చోట్లు అబిడ్స్ జగదీశ్ మార్కెట్, కోఠి గుజరాతీ గల్లీ. ఎక్కడా దొరక్కపోతే, డేటా ఒక్కటే కావాలనుకునేవాళ్లకు ఇంకో దారి ఉంది. డీసీ సప్లై మీదే ఫోన్‌ని నడిపించి, ఫైళ్లు కాపీ చేసుకుని, ఫోన్‌ని అక్కడితో వదిలేయడం.

కొత్త బ్యాటరీ వేశాక కూడా ఫోన్ లోగో దగ్గర ఆగిపోతే ‘సాఫ్ట్‌వేర్ కొట్టాలి’ అంటారు. అలా సాఫ్ట్‌వేర్ కొట్టడమంటే, అంటే ఫ్లాష్ చేయడమంటే, ఎక్కువ సందర్భాల్లో లోపలున్నదంతా తుడిచిపెట్టుకుపోవడమే. డేటా కోసం వచ్చినవాళ్లు ఆ మాట దగ్గర ఆగి, తుడవకుండా చేసే మార్గం ఉందేమో అడిగి, కాగితం మీద రాయించుకున్నాకే సరేననాలి.

వెలిగిన తర్వాత అసలు పని

వెలిగిన పాత ఫోన్ తేదీ చాలాసార్లు 1970 జనవరి 1 దగ్గరో, ఇంకేదో ఏడాది దగ్గరో ఉంటుంది. కంప్యూటర్లలో ఎక్కువ భాగం కాలాన్ని లెక్కపెట్టడం మొదలుపెట్టే రోజు అది. తేదీ తప్పుగా ఉన్నంతసేపూ వెబ్‌సైట్ల భద్రతా పత్రాలు చెల్లవు. వైఫై కలిసినా ఏ పేజీ తెరుచుకోదు, వాట్సాప్ కూడా తేదీ సరిచేయమంటుంది. ఇంటర్నెట్ పాడైందని కంగారుపడకుండా ముందు తేదీ, సమయం సరిచేయాలి. 

తర్వాతిది లాక్. తిరిగి ఆన్ అయిన ఫోన్ వేలిముద్రను ఒప్పుకోదు, మొదటిసారి పిన్ గానీ ప్యాటర్న్ గానీ కొట్టి తీరాలి. ఆండ్రాయిడ్ 6 కాలం నుంచి కొత్త ఫోన్లలో డేటా సంకేతలిపిలోకి మారి నిల్వ ఉంటోంది. తాళంచెవి ఆ పిన్నే. అది గుర్తులేకపోతే మెమరీ చిప్ ఊడదీసినా ఫొటోలు రావు. ఇది మెకానిక్ చేతకానితనం కాదు, అలా కట్టిన తాళం అది. సొంతదారు పోయిన ఇళ్లలో ఈ ఒక్క సంగతే మిగతా రిపేరంతటినీ వృథా చేస్తుంది. అందుకే ఖర్చు పెట్టేముందే పిన్ ఎవరికైనా తెలుసేమో ఇంట్లో కనుక్కోవాలి. రీసెట్ చేస్తే పోదా అంటే, ఆండ్రాయిడ్ 5.1 నుంచి రీసెట్ తర్వాత కూడా పాత గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ అడుగుతుంది. డేటా పోయి, ఫోన్ కూడా తెరుచుకోక రెంటికీ చెడటం అలాగే జరుగుతుంది.

తెరుచుకున్న ఫోన్‌లో మొదటి పని అప్‌డేట్లు కాదు, కాపీ. కొత్త బ్యాటరీ లేని ఫోన్ ఎప్పుడు మళ్లీ ఆరిపోతుందో తెలియదు. కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, తెర మీద ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకుని, ముందు కెమెరా ఫోల్డర్, ఆ తర్వాత వాట్సాప్ ఫోల్డర్ తీసుకోవాలి. వాట్సాప్ 120 రోజులు వాడకపోతే ఖాతాను సాధారణంగా తొలగిస్తుంది, అయితే యాప్ తీసేయనంతవరకు ఫోన్‌లో ఉన్నవి ఫోన్‌లోనే ఉంటాయి. కాబట్టి పాత యాప్ పనిచేయట్లేదని అన్‌ఇన్‌స్టాల్ చేయడం అంత పొరపాటు మరొకటి లేదు. గూగుల్ ఫొటోస్‌లో 2021 జూన్ 1 దాకా కాస్త తగ్గించిన నాణ్యతతో ఎన్ని ఫొటోలైనా ఉచితంగా దాచుకునే వీలుండేది. ఆ కాలపు ఫోన్ ఫొటోలు అక్కడికి చేరి ఉండే అవకాశం ఎక్కువ. మెకానిక్ దగ్గరికి వెళ్లకముందే ఆ ఖాతా తెరిచి చూస్తే సగం కంగారు తగ్గుతుంది. రెండేళ్లు అసలు వాడని ఖాతాలను 2023 డిసెంబరు నుంచి గూగుల్ తొలగించడం మొదలుపెట్టింది కాబట్టి ఆ చూడటం కూడా ఆలస్యం చేయకూడదు.

పాత సిమ్ మీద ఆశ పెట్టుకోకూడదు. 90 రోజులు వాడకుండా, ఖాతాలో 20 రూపాయలు కూడా లేకపోతే ప్రీపెయిడ్ నంబర్‌ను కంపెనీ రద్దు చేయవచ్చు. రద్దయిన నంబర్ ఇంకొకరికి వెళ్లి ఉండొచ్చు, దాంతోపాటే ఓటీపీలు కూడా. బ్యాంకు, ఆధార్, ఈమెయిల్ ఖాతాల్లో ఆ నంబర్ ఇంకా ఉంటే వెంటనే మార్చాలి. 3జీ కాలపు ఫోన్‌లో జియో సిమ్ పనిచేయదు, ఆ నెట్‌వర్క్ పుట్టుకే 4జీతో. పాత ఆండ్రాయిడ్లకు భద్రతా అప్‌డేట్లు ఎప్పుడో ఆగిపోయాయి. బ్యాంకు యాప్‌లు, యూపీఐ వాటిలో పెట్టుకోకూడదు. పాటలు వినడానికి, అలారానికి, పిల్లలకు నిఘంటువుగా, ఇంట్లో వైఫై కెమెరాగా అవి హాయిగా పనికొస్తాయి.

మళ్లీ దాచేటప్పుడు, వదిలించుకునేటప్పుడు

ఫోన్‌ను మళ్లీ బీరువాలోనే పెట్టాలనుకుంటే సగం చార్జి చేసి, పూర్తిగా ఆఫ్ చేసి పెట్టాలి. నూరు శాతంతో దాచినా నష్టమే, నిండు వోల్టేజి దగ్గర సెల్ త్వరగా ముసలిదవుతుంది. ఆరు నెలలకోసారి తీసి మళ్లీ సగానికి తేవాలి. సంక్రాంతికి ఒకసారి, వినాయక చవితికి ఒకసారి అనుకుంటే మరిచిపోరు. సిలికా జెల్ పొట్లంతో పాటు డబ్బాలో, అటక మీద కాకుండా ఇంట్లో చల్లగా ఉండే గదిలో ఉంచాలి. పిన్, ఖాతా పేరు ఒక కాగితం మీద రాసి వేరేచోట, ఇంట్లో ఇంకొకరికి తెలిసేలా పెట్టాలి.

అమ్మేవాళ్లు ముందు గూగుల్ లేదా యాపిల్ ఖాతా నుంచి బయటికొచ్చి, ఆ తర్వాతే రీసెట్ చేయాలి. కొనేవాళ్లు *#06# కొట్టి ఐఎంఈఐ నంబర్ తీసుకుని, కేంద్ర టెలికం శాఖ 2023లో తెచ్చిన సంచార్ సాథీ పోర్టల్‌లో అది దొంగసొత్తు కాదని చూసుకోవాలి. కేవైఎం అక్షరాలను ఇంగ్లిషులో కొట్టి, ఖాళీ వదిలి, ఐఎంఈఐ నంబర్ రాసి 14422కు ఎస్సెమ్మెస్ పంపినా వివరాలు వస్తాయి.

ఎన్ని చేసినా లేవని ఫోన్, తీసేసిన ఉబ్బు బ్యాటరీ ఇంటి చెత్తబుట్టలోకి పోకూడదు. చెత్త లారీలో నలిగిన లిథియం సెల్ నిప్పంటుకుంటుంది. బ్యాటరీ కొనలకు టేపు అంటించి విడిగా ఉంచాలి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనలు వీటిని రీసైక్లింగ్‌కు చేర్చే బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి. కొత్త ఫోన్ కొన్న షోరూములో, కంపెనీ సర్వీస్ సెంటర్‌లో పాతది తీసుకుంటారేమో అడగాలి, అనుమతి ఉన్న రీసైక్లర్లకైనా ఇవ్వాలి. కిలోల లెక్కన కొనే పాతసామాన్ల బండికి వేస్తే ఆ బోర్డులు ఎక్కడో ఆరుబయట మంటల్లోకో, యాసిడ్ తొట్లలోకో వెళ్తాయి. బంగారం, రాగి, పల్లాడియం ఉన్న అలాంటి సర్క్యూట్ బోర్డుల నుంచి లోహాలను సురక్షితంగా వెలికితీసే పద్ధతుల మీద పనిచేస్తున్న కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-మెట్ కేంద్రం ఒకటి ఉన్నది కూడా హైదరాబాద్‌లోనే, చర్లపల్లిలో.